అక్క పెరట్లో గోంగూర

ఎనభైల చివర్లో సిడ్నీలో పీహెచ్‌డీ చేస్తున్నప్పుడు నాకు తోడు గోధుమ మొక్కలే. కొన్ని కుండీల మట్టిలో కాడ్మియం అనే విషలోహం కలిపేవాణ్ణి, కొన్నింటిలో కలుపు మందు, కొన్నింటిలో రెండూ. ఏదో ఒక్కటే అయితే మొక్క ఎలాగో నెట్టుకొచ్చేది. రెండూ కలిస్తే వేరు అక్కడే ఆగిపోయేది. వారమంతా స్కేలు పెట్టి ఆ వేళ్ళు కొలుస్తూ, ఒక్క తెలుగు మాట వినకుండా గడిపేవాణ్ణి. గదికి వెళ్ళాలంటేనే దిగులుగా ఉండేది.

ఆదివారం మాత్రం మనిషినయ్యేవాణ్ణి. సిడ్నీ శివార్లలోని పారమట్టాలో మా జిల్లా ఆవిడ ఉండేది, వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో నర్సు. అక్కా అని పిలిచేవాణ్ణి. చర్చి నుంచి రాగానే ఫోన్ చేసి భోజనానికి రమ్మనేది.

ఒక ఆదివారం పెరట్లోకి తీసుకెళ్ళింది. ఫిజీ నుంచి వచ్చి స్థిరపడిన మనవాళ్ళిచ్చిన విత్తనాలతో గోంగూర వేసింది. ఆకులు పసుపు తిరిగి, మొక్కలు గిడసబారి ఉన్నాయి.

"ఏరా, యూనిలో నువ్వు చదివేది ఇదేగా? నా గోంగూరకేమొచ్చిందో చెప్పు చూద్దాం" అంది.

వాళ్ళాయన కంచె పొడుగునా కలుపు మందు కొట్టారట. అంతటితో పోలేదు. ఆ పాత చెక్క ఇంటి గోడల రంగు కూడా ఆయనే గీకి, పెచ్చులన్నీ పెరట్లోనే రాల్చారు. అనుమానం వచ్చి కాస్త మట్టి, నాలుగు ఆకులు ల్యాబ్‌కి పట్టుకెళ్ళాను. పాత రంగుల్లో కలిపే సీసం రెండింటిలోనూ ఉంది, అదీ కొంచెం కాదు. నేను కుండీల్లో పనిగట్టుకుని చేసేది అక్కడ దానంతటదే జరిగిపోయింది.

ఆ వారమే చెప్పాల్సింది. వాళ్ళకి నాలుగేళ్ళ పాప ఉంది, గోంగూర పప్పు లేనిదే ముద్ద దిగదు. సీసం పిల్లలకెంత చెడ్డదో తెలియనంత అమాయకుణ్ణి కాను. కానీ చెబితే ఆయనకి కోపం వస్తుందని, ఆదివారం ఫోను ఆగిపోతుందని భయపడ్డాను. ఇంకోసారి పరీక్ష చేసి చూద్దామని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పరిశోధన చేసేవాళ్ళకి ఇంతకంటే మంచి సాకు దొరకదు. మూడు ఆదివారాలు వెళ్ళి వాళ్ళతో పాటే తిన్నాను. నేనూ తింటున్నానుగా అనుకున్నాను, అదేదో త్యాగమైనట్టు.

నాలుగో ఆదివారం పాప నా పక్కనే కూర్చుని, "మోర్ పప్పు, మమ్" అంటూ కంచం ముందుకు తోసింది. ఇక ఉండలేక అంతా చెప్పేశాను.

అక్క గరిటె పట్టుకునే నిలబడిపోయింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"మూడు వారాలు దాటిందక్కా."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. పాప కంచం తీసేసింది, నా కంచమూ తీసేసింది, రెండూ చెత్తబుట్టలో ఒంపేసింది. ఇంకో కంచంలో పెరుగన్నం కలిపి పాపకి పెట్టింది. నాకు పెట్టలేదు. తినమనలేదు, లేవమనలేదు. నేను ఎంగిలి చేత్తో అలాగే కూర్చున్నాను.