దుర్గారావు గారు పట్టిన దొంగ

రాయపూర్‌లో తెలీబంధా చెరువు చుట్టుపక్కల కాపురముండే తెలుగువాళ్లలో, దొంగను ముఖం చూసి గుర్తుపట్టగలవారు ఒక్కరే ఉన్నారని ప్రతీతి. ఆ ప్రతీతిని పుట్టించినవారూ, పెంచి పెద్దచేసినవారూ, ఇంటింటికీ తిరిగి పంచినవారూ దుర్గారావు గారే. ఈ విషయంలో ఆయన ఇంకెవరికీ శ్రమ ఇవ్వలేదు.

టెక్కలి నుంచి కుర్రతనంలో రాయపూర్ వచ్చి, ఉర్లా వైపు ఒక రోలింగ్ మిల్లులో గేటు సూపర్‌వైజరుగా చేరి, ఆ గేటు దగ్గరే జుట్టు నెరిసి రిటైరయ్యారు. షిఫ్టు దిగి ఇళ్లకు పోయే కూలీల చేత టిఫిను డబ్బాల మూతలు తీయించడం ఆయన విధి. ఆయన దాన్ని విధిగా కాక వ్రతంగా పాటించారు. అడుగున మిగిలిన పప్పులో కూడా వేలు పెట్టి కెలికేవారు. సర్వీసు మొత్తం మీద దొరికినవి కాసిని బోల్టులూ, ఒక ఇత్తడి కుళాయి పిడీ. వాటిని పట్టుకున్న వైనాన్ని ఇప్పటికీ పెళ్లి భోజనాల్లో, పక్క విస్తరివాడు లేవడానికి వీల్లేకుండా భుజం పట్టుకుని మరీ వినిపిస్తారు. అదే గేటులోంచి ఇనుము లారీలు లారీలుగా పోయింది. ముందు కారులో కూచున్న కాంట్రాక్టరు అద్దం దించి చెయ్యి ఊపేవాడు. దుర్గారావు గారు మడమలు కలిపి సెల్యూటు కొట్టి గేటు తెరిపించేవారు. ఆయన రిటైరైన కొన్నాళ్లకు మిల్లు మూతపడింది. బోల్టుల వల్లనేనని ఆయన నేటికీ గట్టిగా నమ్ముతారు.

శాస్త్రం తెలిసిన మనిషి ఇంట్లో ఊరికే కూచోలేడు, ప్రయోగశాల కావాలి. అది శంకర్ నగర్‌లో దొరికింది. అక్కడ మురళీమోహన్ గారని ఇనుప కడ్డీల వ్యాపారి ఉన్నారు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆయన మేడ మీద పేకాట, పదమూడు ముక్కల రమ్మీ. ఇంట్లో పూజగది ఉంది కనుక డబ్బు పెట్టరు, పాయింట్లే. ఏసీ ఆయనది, మిరపకాయ బజ్జీలు ఆయనవి, పేక ఆయనది. దుర్గారావు గారు ఆడరు. ఆడేవాళ్లకు కాస్త ఎడంగా కుర్చీ వేసుకుని, మోసం జరగకుండా చూస్తారు. ఈ పదవిలో ఆయన్ను ఎవరు నియమించారో ఎవరికీ తెలియదు. అందుకే తీసేసే అధికారం కూడా ఎవరికీ లేకపోయింది.

ఆయన సిద్ధాంతం ప్రకారం మోసగాడు ముక్కల్లో దొరకడు, ముఖంలో దొరుకుతాడు. కాబట్టి ముక్కలు చూడటం కాలం వృథా. చెమట పట్టిందా, మంచినీళ్లు అడిగాడా, చేతిలో ముక్కలు ఊరికే అటూ ఇటూ సర్దుతున్నాడా, చాలు, కేసు రుజువైనట్టే. ఈ పద్ధతిలో ఆయన ముందుగా కంట్లో శుక్లాలున్న ఒక రిటైర్డు పోస్టుమాస్టర్ని, ముక్కల్ని ముక్కుకి ఆనించుకుని చూస్తున్నాడన్న నేరం మీద పట్టుకున్నారు. తర్వాత షుగరు జబ్బున్న ఒక గుమాస్తా మాటిమాటికీ బాత్రూముకు వెళ్తుంటే, అక్కడ జోకర్లు దాస్తున్నాడని తేల్చి ఫ్లష్ తొట్టి మూత తీయించారు. తొట్టిలో నీళ్లే ఉన్నాయి. "ఎంత తెలివైనవాడో చూశారా, ఆనవాలు కూడా వదల్లేదు" అని మెచ్చుకున్నారు. వాళ్లిద్దరూ ఆటకు రావడం మానేశారు. మానేయడమంటే నేరం ఒప్పుకున్నట్టేనని ఆయన తీర్పు.

మురళీమోహన్ గారికి మాత్రం చెమట పట్టదు. ఆయన మోసం చేస్తారు, అది వేరే సంగతి. "షో" అని ముక్కలు వెల్లకిలా పరిచి, ఎదుటివాడి కన్ను మూడో ముక్క మీదికి చేరేలోపు గలగలా నవ్వుతూ అన్నింటినీ ఊడ్చి పేకలో కలిపేస్తారు. ఆయన షో పూర్తిగా చూసిన మానవుడు శంకర్ నగర్‌లో లేడు. డబ్బు కోసం మోసం చేసేవాడికి కనీసం ఒక అవసరమంటూ ఉంటుంది. గోడౌన్లూ మేడా ఉన్న మనిషి, పైసా రాని ఆటలో, రైల్వేలో రిటైరైన ముసలి బంగారయ్య మీద గెలవడానికి పడే ఈ పాట్లను నీచమంటే ఆ మాటకే చిన్నతనం. ఇదంతా బంగారయ్యకు తెలుసు. కాని బజ్జీలు వేడిగా ఉంటాయి. నిజం కోసం వేడి బజ్జీ వదులుకున్నవారి పేర్లు చరిత్రలో పెద్దగా కనబడవు.

నోట్ల రద్దు అయిన మరుసటి ఏడు మురళీమోహన్ గారి గోడౌనుకి ఇన్‌ఛార్జి కావలసి వచ్చాడు. శివాజీ అనే అతను వచ్చి అడిగాడు. మూతపడ్డ మిల్లులోనే స్టోర్సు గుమాస్తాగా చేసినవాడు. మిల్లు పోయాక ఒక రైస్ మిల్లులో చేరి, అక్కడా నిలవలేక, చాలా కాలంగా ఇంట్లో ఉన్నాడు. భార్య ఉమారాణి చుట్టుపక్కల పిల్లలకు ట్యూషన్లు చెప్పి ఇల్లు లాక్కొస్తోంది.

"కాగజ్ మీద అందరూ హరిశ్చంద్రులేనండీ" అన్నారు మురళీమోహన్ గారు, దుర్గారావు గారితో. "ఆదివారం ఆటకి రమ్మన్నాను. మీరొకసారి చూసి చెప్పండి, పక్కా ఆద్మీయేనా, కాదా అని. మీరు హాఁ అంటే సోమవారం నుంచి డ్యూటీ."

"ఒక్క ఆట చాలండి" అన్నారు దుర్గారావు గారు. "రెండో ఆట మీ సరదా కోసం."

శివాజీ బయల్దేరే ముందు ఉమారాణి అతనికి ఆ పరీక్షకన్నా కఠినమైన శిక్షణ ఇచ్చింది.

"గెలవకండి. నోరు విప్పకండి. ఆయన జోకేస్తే నవ్వండి."

"జోకు బాగోకపోతే?"

"బాగున్నట్టు నవ్వండి. ఆ రైస్ మిల్లు నౌకరీ ఎందుకు పోయింది? చుప్‌గా కూచోడం రాకే కదా?"

"తూకంలో తేడా ఉంటే చెప్పొద్దేటి?"

"చెప్పారుగా. చెప్పి ఇంట్లో కూచున్నారుగా. ఈ నౌకరీ కూడా పోతే పిల్లల్ని స్కూలు మాన్పించాల. అది గుర్తెట్టుకుని ఆడండి."

అది గుర్తుపెట్టుకునే వెళ్లాడు. గుర్తుపెట్టుకున్నందువల్లే ఏసీ గదిలో కూడా చెమటలు పట్టాయి. కుర్చీలోంచి దుర్గారావు గారు ఆ చెమటను, థర్మామీటరు చూసే వైద్యుడిలా తల పంకిస్తూ గమనించారు. శివాజీ మంచినీళ్లు అడిగాడు. దుర్గారావు గారు కళ్లు మూసుకుని ఇంకోసారి తల పంకించారు. శివాజీ చేతిలో ముక్కల్ని కుడి నుంచి ఎడమకీ, ఎడమ నుంచి కుడికీ సర్దాడు.

"ఏటి బావూ" అన్నాడు బంగారయ్య, "ముక్క దింపుతావా, నన్ను పోయి మళ్లీ పుట్టి రమ్మంటావా?"

శివాజీ ముక్క దింపాడు. మురళీమోహన్ గారు ఒక జోకేశారు. శివాజీ నవ్వాడు, అయితే జోకు సగంలో ఉండగానే నవ్వాడు. రెండు ఆటలు వరసగా ఓడిపోయాడు. ఉమారాణి చూస్తే సంతోషించేది.

మూడో ఆటలో మురళీమోహన్ గారు "షో!" అని ముక్కలు పరిచారు. నవ్వు మొదలైంది, చెయ్యి ఊడ్చడానికి కదిలింది. ఆ ముక్కల మీద అంతకు ముందే ఇంకో చెయ్యి పడింది. శివాజీది. సరుకు చూసుకోనిదే చలానా మీద సంతకం పెట్టడం ఏనాడూ ఎరగని చెయ్యి అది. వెళ్లేముందు శివాజీని కూడా అడగలేదు.

"ఒక్క నిమిషమండీ" అన్నాడు శివాజీ. తన గొంతు విని తనే ఉలిక్కిపడ్డాడు. అయినా ఆగలేదు. "ఏడు, ఎనిమిది, పది ఆటీన్లండి. మధ్యలో ఈ తొమ్మిది డైమండు. వరస కుదరలేదు. షో చెల్లదండి."

బంగారయ్య కళ్లజోడు సరిచేసుకుని, బల్ల మీదికి వంగి, పరిచిన ముక్కల్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా తీర్థయాత్రకు వచ్చినవాడిలా చూశాడు.

"ఓరి నాయనో" అన్నాడు మెల్లగా, "ఈ బాబు షో ఇలాగుంటాదేటి! ఇన్నాళ్లకి దర్శనమైంది."

మురళీమోహన్ గారు ముఖం మీద నవ్వును అలాగే ఉంచి, కింద మిగతా ముఖాన్ని మార్చుకున్నారు. "అరే యార్, ఎర్రదీ ఎర్రదీ కలిసిపోయింది. హో జాతా హై. ఏమంటారు జడ్జిగారూ?" అని దుర్గారావు గారి వైపు తిరిగారు.

జడ్జిగారు లేచి నిలబడ్డారు. జీవితమంతా ఆయన శాస్త్రం ఎదురుచూసిన క్షణం బల్ల మీద వెల్లకిలా పడి ఉంది. ఎరుపు రంగులో, తొమ్మిది చుక్కలతో. ఆయన దాని మీదుగా చూపును దాటించి శివాజీ అరచేతి దగ్గర ఆపారు.

"ఎదుటివాళ్ల ముక్కల మీద చెయ్యేశాడు" అన్నారు. "చూడండి, వణుకుతోంది. బల్ల మీద తడి చూడండి. ఈ తడికి కావలసిన ముక్క అంటుకుని వచ్చేస్తుంది. పాత కిటుకే. గేటు దగ్గర ఇలాంటి చేతుల్ని ఎన్నింటిని చూడలేదు నేను!"

"మరి తొమ్మిదో?" అన్నాడు బంగారయ్య.

"ముందు చెయ్యి సంగతి తేలనీ బంగారయ్యా. తొమ్మిది ఎక్కడికీ పోదు."

శివాజీ బిత్తరపోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మరుక్షణం తొమ్మిది పోయింది. మురళీమోహన్ గారు అన్నీ ఊడ్చి పేకలో కలిపేసి, "ఛోడో, ఆటే కదా" అని ఉదారంగా క్షమించారు. ఎవరిని క్షమించారో ఎవరూ అడగలేదు. బంగారయ్య ఇంకేదో అనబోయాడు కాని, కొత్త వాయి బజ్జీలు రావడంతో ఆ మాటను వాటితో కలిపి మింగేశాడు. శివాజీ ఇంకో ఆట ఆడి, మళ్లీ ఓడిపోయి, అందరికీ నమస్కారం పెట్టి మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున చెరువు చుట్టూ నడుస్తూ దుర్గారావు గారు నివేదిక సమర్పించారు.

"పనికిరాడండి. లక్షణాలన్నీ ఉన్నాయి."

"బిల్కుల్, నాకూ అలాగే అనిపించింది" అన్నారు మురళీమోహన్ గారు. కొంత దూరం ఆలోచిస్తూ నడిచారు. "గోడౌనులో మాల్ వస్తుంది, పోతుంది. కొన్నిసార్లు కాగజ్ ముందు, మాల్ తర్వాత. కొన్నిసార్లు ఉల్టా. ప్రతిదానికీ చెయ్యి అడ్డం పెట్టేవాడు నాకెందుకండీ? దొంగల్ని కనిపెట్టే మీలాంటి పెద్దమనిషి కావాలి. మీరే ఎందుకు కూచోకూడదు?"

దుర్గారావు గారు అక్కడే ఆగి మడమలు కలిపారు. తర్వాత, కుర్చీకి చేతులుండాలని మాత్రం కోరారు.

ఇంటికొచ్చి చెబితే భార్య తాయారమ్మ కూర తరుగుతూ విన్నది.

"ఊళ్లో ఇంతమందుండగా మిమ్మల్నే ఎందుకు ఏరుకున్నాడట?"

"నా చూపు చూసి."

"నాకూ అదే అనుమానం" అని ఆవిడ తరగడంలో పడిపోయింది.

ఉద్యోగం దక్కినవారికి దయ పుడుతుంది. దుర్గారావు గారు ఆ సాయంత్రమే శివాజీని ఓదార్చడానికి వాళ్లింటికి వెళ్లారు. అతను వంటింటి గుమ్మం దగ్గర పీట మీద కూచుని బియ్యప్పిండి చీలా అట్టు తింటున్నాడు. ఉమారాణి స్టవ్వు దగ్గర ఉంది. ఇద్దరి మధ్యా నిన్నటి నుంచి మాటల్లేనట్టు కనబడుతోంది.

"నాకిచ్చారయ్యా ఆ పని" అని మొదలుపెట్టారు దుర్గారావు గారు, కుర్చీ లాక్కుని. "నువ్వేం బాధపడకు. చెమట తగ్గించుకో. పెద్దవాళ్ల ముందు కూచున్నప్పుడు చేతులు ఒళ్లో పెట్టుకో. ఎక్కడో ఒకచోట దొరక్కపోదు."

శివాజీ పళ్లెంలోంచి తలెత్తి అడిగాడు: "బాబాయ్, ఆ తొమ్మిది మీకు కనబళ్లేదా?"

"కనబడకేం? నువ్వు చెయ్యేసే లోపలే చూశాను."

"మరి?"

"అది పొరపాటు బాబూ" అన్నారు దుర్గారావు గారు, వెనకబడ్డ విద్యార్థికి విసుక్కోకుండా చెప్పే మాస్టారిలా. "అంత ఆస్తి ఉన్న మనిషికి మోసం చేసే ఖర్మేం పట్టింది? అవసరంలో ఉన్నవాడి మీద కదా కన్నేసి ఉంచాలి. ఇన్నేళ్లు మిల్లులో పనిచేశావు, ఈ మాత్రం తెలియలేదా?"

ఉమారాణి ఇటు తిరిగింది.

"కాఫీ ఇద్దామంటే పాలు లేవు బాబాయ్ గారూ."

ఆమె వెనక పాలు గిన్నె అంచుదాకా పొంగి వచ్చాయి. ఆమె చూడకుండానే చెయ్యి వెనక్కి చాపి స్టవ్వు తగ్గించింది. దుర్గారావు గారు పాలనూ, ఆమెనూ చూసి, పనుందంటూ లేచి వెళ్లిపోయారు.

"చెయ్యి పెట్టేముందు నేను చెప్పింది గుర్తురాలేదా?" అంది ఉమారాణి.

"వచ్చింది."

"పిల్లల స్కూలు సంగతి?"

"అదీ వచ్చింది."

"వచ్చినా పెట్టారా?"

"ఊఁ."

ఆమె పెనం మీద పిండి పోసి, అంచులదాకా తిప్పి, మూత పెట్టింది.

"ఇంకోటి తినండి. తిన్నాక, గుమాస్తా కావాలన్న ఆ భిలాయ్ వాళ్లకి ఫోన్ చేద్దురు గాని. మీరు ఎలాంటివారో ముందే చెప్పేయండి. మళ్లీ అంతదూరం పోయి తిరిగి రావడం ఎందుకు."