బడాయికి సొంతూరు చెప్పిన సారు

మా ఇంగ్లీషు సారు పోయినారని మొన్న తనకల్లు నుంచి చిన్ననాటి స్నేహితురాలు ఫోన్ చేసింది. నా దగ్గరే ఉంటున్న నాయనకు వెంటనే చెప్పినాను. చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టినాడు. తర్వాత, "ఆయప్ప మాదిరి ఇంగ్లీషు ఆ దొరలకు గూడా రాదు" అన్నాడు. నాయనకు ఇంగ్లీషు ఒక్క ముక్క తెలియదు. అయినా ఆ మాటకు నాకు నవ్వు రాలేదు. ఎందుకో మీకు చెప్పాలి.

సారుది ఉరవకొండ పక్క. తనకల్లులో మా హైస్కూలుకు బదిలీ మీద వచ్చి, ఆ ఊళ్లోనే ఇల్లు కట్టుకుని ఉండిపోయినారు. జేబులో ఎప్పుడూ వేయించిన శనక్కాయలు ఉండేవి. పొట్టు ఎక్కడా పడేసేవారు కాదు, ఇంకో జేబులో వేసుకునేవారు. పాఠానికి ముందు బోర్డు మీద ఒక ఇంగ్లీషు మాట రాసి, అర్థం కంటే ముందు అది ఎక్కడ పుట్టిందో చెప్పేవారు. "మాటకు గూడా ఊరుంటాదప్పా. అడక్కుండా వాడుకోగూడదు" అనేవారు.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు నాయన చేనులో బోరు వేయించినాడు. అంతకు ముందే టీ అంగడి కాడ అందరికీ చెప్పేసినాడు, నీళ్లు తాటిచెట్టంత ఎత్తు లేస్తాయని, చేనంతా చీనీ తోట, అదే బత్తాయి తోట, పెడతానని, పక్క చేన్లకు కూడా నీళ్లు వదుల్తానని. బోరులోంచి తెల్లటి దుమ్ము తప్ప ఏమీ రాలేదు. మరుసటి రోజు క్లాసులో ఒకడు లేచి, మీ నాయన మాకు నీళ్లు ఎప్పుడిస్తాడని నన్ను అడిగినాడు. అందరూ నవ్వినారు. నేను బెంచీ మీద తల పెట్టేసుకున్నాను.

సారు ఎవరినీ తిట్టలేదు. బోర్డు మీద 'గ్యాస్కనేడ్' అని రాసినారు. ఫ్రాన్సు దేశంలో గ్యాస్కనీ అనే సీమ ఉందని, అక్కడి పేద ఇళ్ల పిల్లలు సైన్యంలో చేరి బతికేవారని, ఊరికే గొప్పలు చెప్పుకుంటారని మిగతావాళ్లు వాళ్లను ఎగతాళి చేసేవారని చెప్పినారు. చివరికి ఆ సీమ పేరే బడాయికి పేరైపోయి, ఇంగ్లీషులోకి కూడా ఎక్కిందట. తర్వాత, ఈసారి శనక్కాయ బాగా పండుతుందని ఎవరి ఇంట్లో అన్నారో వాళ్లను చేతులెత్తమన్నారు. అందరూ ఎత్తినారు, నన్ను ఏడిపించినవాడు కూడా.

"అయితే మీరందరూ గ్యాస్కనీ వాళ్లే" అన్నారు సారు. "ఈ నేలలో విత్తనం ఏసేదే పెద్ద బడాయి. అది గూడా లేకుంటే ఎట్ల బతికేదప్పా?"

ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చినారు. బోరులో దుమ్ము లేచినప్పటి నుంచి నాయన గోడవైపు తిరిగి పడుకునే ఉన్నాడు. అన్నం ముట్టలేదు. అమ్మ భయపడి పురుగుల మందు డబ్బా తీసుకుపోయి పక్కింట్లో పెట్టొచ్చింది. సారు ఓదార్పు మాటలేవీ ఎత్తలేదు. వాకిట్లో నేల మీదే కూర్చుని, "తోట ఎట్ల పెట్టాలనుకుంటివో చెప్పన్నా, వింటాను" అన్నారు.

నాయన చాలాసేపటికి లేచి వచ్చినాడు. ఒక పుల్ల తీసుకుని మట్టిలో గీస్తూ, బోరు ఎక్కడో, చెట్లు ఎక్కడో, కాలువ ఎటు పోతుందో చూపిస్తూ పోయినాడు. అమ్మ లోపలికి పోయి సంగటి కలిపి తెచ్చింది.

మా చేనులో చీనీ తోట ఎన్నటికీ కాలేదు. నాయన మాత్రం మాకు మిగిలినాడు. సారును తలుచుకుంటే నాకు ఆ వాకిలే కనబడుతుంది. నాయన గీస్తున్న కాలువ మెల్లగా సారు కూర్చున్న చోటికి వచ్చింది. ఆయన ప్యాంటు అంచులు పైకి లాక్కుని, నీళ్లకు దారి ఇస్తూ, పక్కకు జరిగి కూర్చున్నారు.