పెద్దమ్మ ఫోనుకు పెట్టిన కాపలా

పోయిన వారం సిరిసిల్లలో మరమగ్గాల దగ్గర కరపత్రాలు పంచుతుంటే ఫోన్ వచ్చింది. కోరుట్లలో మా పక్కింటి పెద్దమ్మ పోయిందట. బీపీ పెరిగి తలలో నరం చిట్లిందట. వేములవాడ మీదుగా బస్సులో వస్తుంటే నాకు ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది.

పెద్దమ్మ బీడీలు చుట్టేది. ఆమె భర్త, మా పెద్దబాపు, గల్ఫ్‌లో కూలి. అక్కడ ఒక పాత ఫోన్ కొని, వైరస్ రాకుండా యాంటీవైరస్ వేయించి పంపాడు. ఫోన్ భాషను నేను తెలుగులోకి మార్చాను. ఆ యాంటీవైరస్ మాత్రం మారలేదు, అరబ్బీలోనే బెదిరించేది. ఎర్ర డాలు బొమ్మ, కింద నాలుగు వరసల రాత, ఒక పెద్ద పచ్చ బటన్. వద్దనే బటన్ ఎక్కడో మూలన, బూడిదరంగులో, వేలికి దొరకనంత చిన్నగా.

ఒకసారి వీధి చివరి దర్జీ భాయ్‌కి చూపించింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని గడగడా చదివాడు.

“మంచిగ చదివినవ్ భాయ్. ఏమంటుందది?”

“మదర్సాల చదువుడే నేర్పిండ్రక్కా. అర్థం నాకు తెల్వది.”

“గట్లయితె మనిద్దరం ఒక్కటే!” పెద్దమ్మ పగలబడి నవ్వింది.

తీసేస్తానంటే నన్ను ముట్టనివ్వలేదు. “మీ పెద్దబాపు కాపలా పెట్టి పంపిండు. తీసుటానికి నువ్వెవనివిరా? పో, నీ కాయితాలు పంచుకో.”

పెద్దబాపు అక్కడే చనిపోయి పెట్టెలో వచ్చాడు. ఆయన రికార్డు చేసి పంపిన మాటలు ఫోన్‌లో మిగిలాయి. తునికాకు కత్తిరిస్తూ వినేది. “తిన్నవా? బీపీ గోలి ఏసుకున్నవా?” రోజూ అవే. “ఏసుకున్న తియ్యి,” అని జవాబిచ్చి మరీ వేసుకునేది.

ఒక మధ్యాహ్నం ఆ ఎర్ర డాలు లేచింది. ఆమె పచ్చది నొక్కింది. ఫోన్ వాడకం నేర్పింది పెద్దబాపే: పచ్చది ఎత్తుడు, ఎర్రది పెట్టుడు. అన్నేళ్లూ పచ్చది నొక్కితే ఆయన గొంతే వచ్చింది. ఈసారి ఆ గొంతునంతా చెత్తలో కలిపి తుడిచేసింది ఆ కాపలా.

“మీ పెద్దబాపు మాట్లాడ్తలేడు కొడుకా, జర సూడు.”

ఫోన్‌తో పాటు ఆమెను జగిత్యాలలో రిపేరు దుకాణానికి తీసుకుపోయాను. అతను తిప్పి తిప్పి చూశాడు. “వాపస్ రాదమ్మా. అది అడిగింది, నువ్వు సరే అన్నవ్.”

“అరబ్బీల అడిగితె సరే అన్నట్టా?” అని దుకాణం అదిరేలా అరిచాను.

పెద్దమ్మ నా చెయ్యి పట్టి లాగింది. “గా పిలగాన్ని ఎందుకంటవ్? నొక్కింది నేనే గద.”

ఆ మాట ఇప్పటికీ కాలుస్తోంది. రాని భాషలో భయపెట్టి, ఒకే దారిని పచ్చగా చూపించి, తప్పును మాత్రం నొక్కిన వేలి మీదికి నెడతారు. ఎన్నో కరపత్రాలు చదివాను. దీనికి ఎవరి గేటు ముందు కూర్చోవాలో ఎందులోనూ లేదు.

తర్వాత ఆమె గోలీలు మానేసింది. “అడిగెటోడు లేడు గద,” అంది. రోజూ నేను అడిగాను. “నువ్వు అడిగితె ఏసుకుంటనారా?” అని నవ్వేది. పెద్దమ్మ చేసింది అర్థం చేసుకోలేనంత మొద్దును కాను. అయినా ఏమీ చేయలేకపోయాను.

మూడోనాడు పిట్టకు పెట్టారు. ఆమెకు ఇష్టమైనవన్నీ విస్తట్లో వడ్డించి, పక్కన ఎవరో ఆ ఫోన్ కూడా ఉంచారు. కాకి రావాలని అందరం దూరం జరిగాం. అన్నం పక్కన ఫోన్ వెలిగింది. ఎర్ర డాలు, కింద పచ్చ బటన్. ఎవరం ముట్టుకోలేదు. అది అడుగుతూనే ఉంది.