చదువు సాయం అప్లికేషన్

సూళ్లూరుపేటలో రైలెక్కిన ఆమెకు ముప్పై అయిదేళ్లుంటాయి. నా పక్కన కూర్చుని, సైనికుల కుటుంబాలకిచ్చే చదువు సాయం కోసం అప్లికేషన్ నింపుతోంది.

"పాపకా, బాబుకా?" అని అడిగాను.

"నాకేనక్కా. డిగ్రీలో చేరినా," అంది సిగ్గుపడుతూ.

ఆమె భర్త జవాను. మంచు కొండల్లో డ్యూటీలో ఉండగా చనిపోయారట.

"ఫోన్ చేసినప్పుడల్లా చదువుకోమని పోరుతా ఉండేవాడు. ఈ సాయం ఉందని ఆయన పోయినప్పుడే ఆఫీసర్లు చెప్పినారు. నాలుగేళ్లు ఈ కాగితం ముట్టుకోలేదక్కా. ఇది నింపితే ఆయన లేడని నేనే ఒప్పుకున్నట్టు అనిపించేది."

'సైనికుడితో సంబంధం' అన్న గడి దగ్గర ఆమె పెన్ను ఆగిపోయింది.

"భార్య అని రాస్తే చాలా అక్కా? ఇంకేమన్నా రాయాల్నా?"

"అది చాలమ్మా," అన్నాను.

గూడూరు ముందు సిగ్నల్ కోసం రైలు ఆగినప్పుడు, అక్షరాలు వంకర పోకుండా నెమ్మదిగా రాసింది. రాసిన మాటను వేలితో ఒకసారి తడిమి, కాగితం మడిచి, గూడూరులో దిగిపోయింది.

నేను ఒక ఆఫీసులో అప్లికేషన్లు తీసుకునే కౌంటర్ దగ్గర పని చేస్తాను. ఎవరైనా అప్లికేషన్ నింపుతూ మధ్యలో ఆగిపోతే, త్వరగా కానివ్వమని కసిరేదాన్ని. ఇప్పుడు వాళ్లకు కుర్చీ చూపించి, రాయడం అయ్యేదాకా నా పని చూసుకుంటున్నాను.