మామిడితోట ఏ కాలంలో ఉంది

నా చిన్నప్పుడు మా తాతయ్య వీధిలో ఎవరికైనా దారి ఇవ్వడం నేను చూడలేదు. పొలాలు పోయాయి, ఎడ్లు పోయాయి, అదియమాన్‌కోట్టై దారిలోని మామిడితోట నేను పుట్టకముందే చేతులు మారింది. వెన్ను వంచని ఆయన నడక మాత్రం మారలేదు. ఆ నడకే నేనూ నేర్చుకున్నాను.

ఇంటి ముందు పొడుగాటి అరుగు ఒకటి మిగిలింది. మా వాళ్ళు దాన్ని తిన్నె అంటారు. సాయంత్రాలు పక్కింటి అక్క దాని మీద కూలివాళ్ళ పిల్లలకు, వాళ్ళతోపాటు నాకూ ఇంగ్లీషు చెప్పేది. వాళ్ళ ఇళ్ళలో అంతమంది కూర్చునే చోటు లేదు కనుక తాతయ్య అరుగు ఇచ్చాడు. ఇచ్చామన్న గర్వం ఆయనకంటే నాకే ఎక్కువ.

మా తెలుగులో వచ్చి ఉన్నవాడికీ 'వచ్చినాడు' అనే మాటే, వచ్చి వెళ్ళిపోయినవాడికీ అదే. ఇంగ్లీషులో ఆ రెండూ వేరు కావడం మా తలకెక్కేది కాదు. అక్క దానికో ఉపాయం కనిపెట్టింది. మేము వాక్యం చెప్పగానే "ఇప్పుడు ఉండాడా?" అని అడిగేది. ఉంటే 'హ్యాజ్ కమ్'. లేకుంటే 'కేమ్'.

ఒకరోజు ఎవరి ఇంటి గురించి వాళ్ళు ఒక వాక్యం రాయమంది. నేను లేచి నిలబడి గట్టిగా చదివాను. "వి హ్యావ్ ఓన్డ్ ఎ మ్యాంగో గార్డెన్ ఫర్ ఎ హండ్రెడ్ ఇయర్స్."

అక్క అలవాటుగా అడిగేసింది. "ఇప్పుడు ఉండాదా?"

వెనక నుంచి ఒక పిల్ల అందుకుంది. "తోట ఏడుండాదక్కా? తిన్నె ఉండాది, అంతే!"

అందరూ పగలబడి నవ్వారు. "చుమ్మా ఉండండే!" అని అక్క కసిరి వాళ్ళ నోళ్ళు మూయించింది. నా వైపు తిరిగి, "హ్యావ్ తీసేయ్ నాయనా, సరిపోతాది" అని మెల్లగా అంది. ఆమె నవ్వలేదు. అది నేను చూశాను.

చూసి కూడా, లోపలికి వెళ్ళి, ఆ తిన్నె మాట అన్నది అక్కేనని తాతయ్యకు చెప్పాను.

మరునాడు పిల్లలు చేరే వేళకు తాతయ్య గడపలో నిలబడ్డాడు. "ఏమ్మే, మా తిన్నె మీద కూచోని, మాకు తిన్నె ఒకటే మిగిలిందని నగినావంట?"

అక్క నన్ను ఒక్కసారి చూసింది. నాది అబద్ధమని అనవచ్చు. ఆ మాట అన్న పిల్లను చూపించవచ్చు. రెండూ చేయలేదు.

"అడగరాని మాట అడిగినాను తాతా, మనసులో పెట్టుకోవద్దండి. పిల్లోళ్ళకు పరీక్ష ఉండాది. ఈ నెల మాత్రం..."

తాతయ్య తలుపు వేసేశాడు.

కొన్నాళ్ళు ఆమె పిండిమిల్లు చూరు కింద పాఠం చెప్పి చూసింది. ఆ మోతలో ఎవరికీ వినపడలేదు. తర్వాత అదీ ఆగిపోయింది. ఆ ఏడు మా వీధిలో ఇంగ్లీషు పాసైనది నేనొక్కడినే. నవ్వించిన పిల్ల బడి మానేసి తల్లి వెంట వేరుశనగ చేలకు పోయింది.

తాతయ్యకు నేను నిజం చెప్పలేదు. ఆయన పోయాడు కనుక ఆ 'చెప్పలేదు' ముగిసిపోయిన కాలం, ఇక దిద్దడానికి లేదు. అక్క కంబైనల్లూరులో కూతురి దగ్గర ఉంది. ఆమె దగ్గరా తప్పు ఒప్పుకోలేదు. తెలుగులో రెండూ ఒక్క తీరుగానే ఉంటాయి. ఇంగ్లీషులో అయితే ఈ రెండోదానికి, ఆమె ఉన్నంతవరకు, 'హ్యావ్' పెట్టి తీరాలి. ఆ తేడా నాకు నేర్పింది ఆమే. కంబైనల్లూరుకు గంటకో బస్సు ఉంది. ఎక్కడానికి నా వెన్ను ఇంకా వంగలేదు.