కారం దంచిన మర్నాటి స్కాన్

లీసెస్టర్‌లో మా పై ఫ్లాట్‌ ఆంటీ మొన్న మంగళవారం పోయారు. "ప్రశాంతంగా వెళ్ళిపోయారు" అని అందరూ మెసేజీలు పెడుతున్నారు. అబద్ధం. నేను పక్కనే ఉన్నాను. నర్సు చెయ్యి విదిలించుకుంటూ, తన జబ్బును బండబూతులు తిడుతూ పోయారు. ఆవిడ గురించి మీకు మెత్తని మాటలు చెప్పడం నావల్ల కాదు.

ఆంటీ చేతికి నిదానం తెలియదు. వెల్లుల్లిని పిడికిలితో చితక్కొట్టేవారు. కార్పెట్‌ను బాల్కనీ కడ్డీ మీద వేసి చావబాదేవారు. ఈ దేశం వచ్చిన కొత్తలో నేను మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే, వీపు మీద ఒక్కటి చరిచి లోపలికి లాక్కెళ్ళి అన్నం పెట్టారు. "దెబ్బకు దయ్యమే వదులుతది, నీ ఏడుపెంత?" అన్నారు. నిజంగానే వదిలింది.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను కూడా అలాగే తన్ని తరిమేశాననుకున్నారు. రేడియేషన్‌ అయిన కొన్ని నెలలకు పొత్తికడుపులో మళ్ళీ ఏదో కనబడింది. సీటీ స్కాన్‌ తేల్చలేదు. అది రేడియేషన్‌ మిగిల్చిన మచ్చో, తిరిగొచ్చిన జబ్బో ఎంఆర్‌ఐ కూడా చెప్పలేకపోయింది. నా ఉద్యోగమే ఎంఆర్‌ఐ తీయడం కనుక ఆంటీ నా మీద విరుచుకుపడ్డారు.

"దడదడ మొత్తుకుంటది నీ మిషన్‌. ఉన్నదా లేదా అని అడిగితె మాత్రం సప్పుడు జెయ్యది!"

ఇక మిగిలింది పెట్‌ స్కాన్‌. చక్కెర లాంటి మందు ఎక్కిస్తారని, దాన్ని ఆబగా మింగే చోటు వెలుగుతుందని, అలసిన కండలూ దాన్ని మింగి వెలుగుతాయి కనుక ముందురోజు ఒళ్ళు అలవకూడదని చెప్పాను. బుద్ధిగా తలూపారు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి మా కప్పు అదురుతోంది. పరిగెత్తి వెళ్ళి రోకలి లాక్కున్నాను. అప్పటికే ఏడాదికి సరిపడా కారం దంచేశారు.

"భయమైతుంది బిడ్డా. చేతులు ఊకుంటలెవ్వు" అన్నారు.

కొన్నాళ్ళకు ఆసుపత్రి తెర మీద స్కాన్‌ బొమ్మలో భుజాలు, చేతులు భగ్గుమన్నాయి. "జిమ్‌కి వెళ్ళారా?" అని డాక్టరమ్మ అడిగింది. "కారం దంచిన" అన్నారు ఆంటీ. నేను ఇంగ్లీషులో చెప్పాక ముగ్గురం నవ్వాం. తరువాత డాక్టరమ్మ వేలు కిందికి జరిగింది. పొత్తికడుపులో ఒక పక్కగా ఇంకో వెలుగు. పైవి శ్రమవల్ల వచ్చినవి, ఇది మాత్రం జబ్బే అంది. స్కాన్‌ తరువాత సూదితో తీసి పరీక్షకు పంపిన ముక్క కూడా అదే చెప్పిందట.

"గదేనా?" అన్నారు ఆంటీ నా వైపు తిరిగి.

"అదే ఆంటీ."

వంగి కాలి చెప్పు తీశారు. నేను పట్టుకునేలోపే తెర మీద, సరిగ్గా ఆ వెలుగు మీద, ఫెడేల్మని కొట్టారు. మళ్ళీ కొట్టారు. డాక్టరమ్మ ఆపలేదు. తెర ఊగి నిలబడింది. వెలుగు ఉన్నచోటే ఉంది. ఆంటీ చెప్పు ఎత్తి పట్టుకుని దానివైపే చూస్తున్నారు.