మెంతులు, పాత కాగితాలు, సుగుణక్క మెమో

మా చిన్నప్పుడు... వేసవి వచ్చిందంటే మా వాకిట్లో ఒక పెద్ద గంగాళం నిండా కాగితాలు నానుతుండేవి. దేవరకొండకు పోయే దారిలో ఉన్న మా పల్లెలో గంప కొనుక్కునే అలవాటు తక్కువ. అటుకులకొకటి, పేలాలకొకటి, పల్లీలకొకటి... అన్నీ అమ్మ, అవ్వ కలిసి పాత కాగితాలతో చేసినవే.

పద్ధతి ఇది. కాగితాలు మూడు రోజులు నానాలి. మెంతులు ఒక రాత్రి నానాలి. రెండింటినీ కలిపి రోట్లో వెన్నలా దంచాలి. బోర్లించిన కుండ మీద తడిగుడ్డ పరిచి, ఆ గుజ్జును అరచేత్తో సమంగా అద్దాలి. కుండ కడుపు దాటి అద్దకూడదు... దాటితే ఎండిన తరువాత గంప ఊడిరాదు. నాలుగు ఎండలు తగిలాక ఊడదీసి, చింతగింజల అంబలిలో పసుపు కలిపి పూస్తే పురుగు పట్టదు.

కాగితాలు ఏరడం నా పని. గుండుసూదులు తీసేయాలి. దేవుని బొమ్మలున్నవి పక్కన పెట్టాలి. మెరుపు కార్డులు నానవు గనుక వద్దు. పెండ్లి కార్డుల కవర్లు మాత్రం మందంగా ఉండి మంచి గుజ్జునిస్తాయి. వాటిని చింపకుండా అలాగే వేయవచ్చు. వేసే ముందు ప్రతి కాగితాన్నీ కళ్లకద్దుకోవాలి. ఇది అవ్వ పెట్టిన నియమం. అవ్వకు చదువు రాదు. "అచ్చరం సరస్వతిరా, ఊకె నీళ్లల్ల ఎయ్యొద్దు" అనేది.

ఏది ఎన్ని వేశానో నోటుబుక్కు వెనుక రాసుకునేవాణ్ని. ఎవరూ రాయమనలేదు... నాకదో తృప్తి.

సుగుణక్క పదో తరగతి పాసైన సంవత్సరం వానలు ఆలస్యమయ్యాయి. ఎండలింకా ఉన్నాయి కదా అని అమ్మ మరో గంప మొదలుపెట్టింది. గూట్లో ఉన్న పెండ్లి కవర్లన్నీ తీసి, ఒక్కొక్కటీ కళ్లకద్దుకొని మరీ గంగాళంలో వేశాను. "కవర్లు... తొమ్మిది" అని రాసుకున్నాను.

మూడోనాడు సాయంత్రం అమ్మ దంచుతోంది. అవ్వ రోటి దగ్గర కూర్చొని గుజ్జు ఎగదోస్తోంది. బాపు పొలం నుండి వచ్చి కాళ్లు కడుక్కుంటూ అక్కను పిలిచాడు.

"సుగుణా, మెమో తీసి వెట్టు బిడ్డా. రేపు పొద్దుగాల బస్సుకు నల్లగొండ పోయి కాలేజీల పేరు రాపిచ్చొద్దాం."

అక్క గూట్లో చూసింది. గూడు ఖాళీగా ఉంది.

"మడత పడొద్దని పెండ్లి కవర్ల వెట్టిన బాపూ... గీడనే ఉండె..."

రోకలి ఆగింది.

"ఏమైందే? దంచుడు ఎందుకాపినవ్? మెంతులు ఎండుతున్నయ్" అన్నది అవ్వ.

"అత్తా... పొల్ల మెమో గీ రోట్లనే ఉన్నట్టుంది."

అక్క వచ్చి గుజ్జులో చేయి పెట్టింది. వేళ్లకు కొంచెం నీలిరంగు అంటింది... ముద్ర సిరా కావచ్చు. అంతకు మించి ఏమీ మిగలలేదు.

"గూట్లకెల్లి కవర్లు ఎవలు తీసిన్రు?" బాపు గొంతు మారింది.

అక్క నా వైపు చూసింది. నేను నేల చూశాను.

"నేనే తీసిన బాపూ. సూడకుంట ఏసిన."

"ఒక్క కాయితం జాగ్రత్త వెట్టుకోనిదానివి, కాలేజీల ఏం సదువుతవే? సదువూ వద్దు ఏం వద్దు. ఇంట్లనే ఉండి గంపలు జేసుకో!"

అప్పుడైనా నేను నోరు తెరవాల్సింది... తెరవలేదు.

నోరు తెరిచింది అవ్వ. "ఓరి మల్లయ్యా, నానింది కాయితంరా, పొల్ల తలకాయ కాదు! నువ్వు బండి శీల ఎన్నిమాట్ల పోగొట్టుకున్నవో జెప్పాల్నా? నిన్ను ఎవుసం బంజెయ్యమన్ననా నేను? పొద్దుగాల బడికి పో. గా సారు బుక్కుల రాసుకోకుంట ఉంటడా?"

బాపు ఆ రాత్రి సరిగా తినలేదు. తెల్లవారగానే మాత్రం అక్కను వెంటబెట్టుకొని బడికి పోయాడు. పెద్దసారు రిజిస్టరు చూసి, మార్కులన్నీ తెల్లకాగితం మీద రాసి, ముద్ర వేసి ఇచ్చారు. మెమో నకలు తెచ్చివ్వాలన్న షరతు మీద కాలేజీలో పేరు రాసుకున్నారు. ఆ నకలు కోసం బాపు ఎన్నిసార్లు నల్లగొండ బస్సెక్కాడో... అది మాత్రం నేను రాసిపెట్టుకోలేదు.

రోట్లోని గుజ్జును అమ్మ పారేయలేదు. "పారేస్తే మెమో వస్తదా?" అని గంప చేసి, అటుకులు పోసింది.

సుగుణక్క ఇప్పుడు నార్కట్‌పల్లి దగ్గర ఒక ఊళ్లో పంతులమ్మ. తెలంగాణ వచ్చిన తరువాత ఆమె పదోన్నతి కోసం పత్రాలు పరిశీలించిన అధికారి, "ఇది నకలు కదమ్మా, అసలుదేది?" అని అడిగితే, "అటుకుల గంపల ఉంది సార్" అన్నదట. అందరం నవ్వుకున్నాం. ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా బాపు నలుగురిలో ఆమెను "మెమోను నానవెట్టిన పంతులమ్మ" అని ఎగతాళి చేస్తాడు. అక్క ఎదురు చెప్పదు. నేనూ నవ్వేవాళ్లలో ఒకణ్ని.

ఇప్పుడు మార్కుల కాగితం పోతే ఫోన్లోనే మరొకటి వస్తుంది. మంచిదే... ఏ ఆడపిల్ల చదువూ ఒక్క కవరు మీద ఆధారపడనవసరం లేదు. కాగితాలు నానబెట్టే ఇల్లు మాత్రం మా ఊళ్లో ఒక్కటీ మిగలలేదు. ఒక రోటి చుట్టూ ఇంటిల్లిపాదీ చేరడమూ లేదు.

మీ ఇంట్లో ఇలాంటి గంపలుండేవా? మీ తప్పును ఎవరైనా తమ మీద వేసుకున్నారా? ఉంటే ఇక్కడ రాయండి.

బాపుకు చూపు తగ్గింది... నా రాతలు అక్కే చదివి వినిపిస్తుంది. ఇక్కడిదాకా వచ్చి ఆమె ఆపేస్తుందని నాకు తెలుసు. ఆపకక్కా, గట్టిగా చదువు.

బాపూ... ఆ కవర్లు తీసింది అక్క కాదు. నేను.